ఒమేగా: ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ కూర్పులో చిన్న ఉపప్రమాణాల పాత్ర

బ్యాక్టీరియాల ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌లో అన్నిటికన్నా చిన్న ఉపప్రమాణం పేరు ఒమేగా. ఈ-కోలై బ్యాక్టీరియాలో దీని పొడవు 91 అమైనో ఆమ్లాలు, బరువు సుమారు 10,000 డాల్టన్లు. ఎంజైమ్ మొత్తం బరువు 3,90,000 డాల్టన్ల దాకా ఉంటుంది కాబట్టి అందులో ఒమేగా వాటా దాదాపు నలభయ్యో వంతు. డీఎన్‌ఏను చూసి ఆర్‌ఎన్‌ఏను అల్లే రసాయన చర్యలో దీనికి నేరుగా పాత్ర లేదు. దీని జన్యువును పూర్తిగా తొలగించినా ఈ-కోలై చావదు. అందుకే కనిపెట్టాక చాలా ఏళ్ల పాటు, ఎంజైమ్‌ను శుద్ధి చేసేటప్పుడు వెంట అంటుకొచ్చిన మలినమేమోనన్న అనుమానం దీన్ని వదల్లేదు.

అయితే ఈ ప్రొటీన్ ఒంటరిది కాదు. ఆర్కియాలు అనే సూక్ష్మజీవుల్లో ఆర్‌పీఓ-కే అనే ఉపప్రమాణం, ఈస్ట్ మొదలు మనిషి దాకా కేంద్రకం ఉన్న జీవుల్లో ఆర్‌పీబీ6 అనే ఉపప్రమాణం ఒమేగా వంశానివే. బ్యాక్టీరియాలు, ఆర్కియాలు దారులు వేరుచేసుకుని వందల కోట్ల ఏళ్లయింది. అన్నేళ్లుగా అన్ని శాఖలూ నిలుపుకున్న ప్రొటీన్ పనిలేనిదై ఉండదు. ఆ పని ఏమిటో తేలడానికి మాత్రం 30 ఏళ్లకు పైగా పట్టింది. ఆర్‌ఎన్‌ఏ తయారీలో కాక, ఆర్‌ఎన్‌ఏను తయారుచేసే ఎంజైమ్ తయారీలో ఒమేగా అవసరం పడుతుంది. ఎంజైమ్‌లోని అతి పెద్ద గొలుసు సరైన రూపంలో ముడుచుకుని మిగతా భాగాలతో జతకూడేలా చూడటం, జతకూడాక విడిపోకుండా పట్టి ఉంచడం దాని ప్రధాన బాధ్యత.

ఎంజైమ్, దాని భాగాలు

జన్యువులోని సమాచారం కణానికి అక్కరకు రావాలంటే ముందు అది ఆర్‌ఎన్‌ఏగా నకలు కావాలి. ఈ ప్రక్రియను అనులేఖనం అంటారు. దాన్ని నడిపే ఎంజైమ్ జాడను 1959–60 ప్రాంతంలో శామ్యూల్ వైస్ ఎలుక కాలేయంలోనూ, జెరార్డ్ హర్విట్జ్, ఆడ్రీ స్టీవెన్స్ బ్యాక్టీరియాలోనూ ఎవరికి వారుగా పట్టుకున్నారు.

బ్యాక్టీరియాల్లో అన్ని రకాల ఆర్‌ఎన్‌ఏలనూ ఒకే ఎంజైమ్ తయారుచేస్తుంది. దాని మూల రూపంలో ఐదు గొలుసులుంటాయి. ఈ-కోలై లెక్కల్లో చెప్పాలంటే, 329 అమైనో ఆమ్లాల ఆల్ఫాలు రెండు, 1,342 అమైనో ఆమ్లాల బీటా ఒకటి, 1,407 అమైనో ఆమ్లాల బీటా ప్రైమ్ ఒకటి, వీటి పక్కన ఒమేగా. జన్యువు ఎక్కడ మొదలవుతుందో గుర్తుపట్టడానికి సిగ్మా అనే మరో ప్రొటీన్ వచ్చి చేరుతుంది, పని మొదలయ్యాక తప్పుకుంటుంది. బీటా, బీటా ప్రైమ్ రెండూ ఎదురెదురు దవడల్లా నిలిచి, మధ్య సందులో డీఎన్‌ఏను పట్టుకుంటాయి. ఆ సందు లోపల బీటా ప్రైమ్‌లోని మూడు ఆస్పార్టేట్‌లు ఒక మెగ్నీషియం అయాన్‌ను పట్టి ఉంచుతాయి. ఆర్‌ఎన్‌ఏ గొలుసుకు కొత్త న్యూక్లియోటైడ్ అతుక్కునేది అక్కడే. ఒమేగా ఉండే చోటు అక్కడికి చాలా దూరం, బీటా ప్రైమ్ దవడ అడుగున.

ఈ భాగాలన్నీ ఒకే చోట తయారు కావు. బీటా, బీటా ప్రైమ్ జన్యువులు క్రోమోసోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి. ఆల్ఫా జన్యువు రైబోసోమ్ ప్రొటీన్ల జన్యువుల గుంపులో ఉంటుంది. ఒమేగా జన్యువు వేరే చోట ఉంటుంది. వేర్వేరు రైబోసోమ్‌ల మీద పుట్టిన గొలుసులు, ప్రొటీన్లతో కిక్కిరిసిన కణద్రవ్యంలో ఒకదాన్నొకటి వెతుక్కుని, సరైన వరసలో కలుసుకోవాలి. చిన్న గొలుసులకు ఇది పెద్ద సమస్య కాదు. 1,400 అమైనో ఆమ్లాల బీటా ప్రైమ్‌కు మాత్రం ప్రాణసంకటం. జతగాళ్లు దొరికేదాకా దాని ఒంటి మీద నీటిని ఇష్టపడని పలకలెన్నో బయటపడి ఉంటాయి. అవి పక్కనున్న దేనికైనా అతుక్కోవచ్చు, తమలో తాము ముద్దకట్టవచ్చు, ప్రొటీన్లను తునకలు చేసే ఎంజైమ్‌ల కంటా పడవచ్చు.

కూర్పు వరస

విడదీసిన భాగాలను మళ్లీ కలిపి పనిచేసే ఎంజైమ్‌ను పరీక్షనాళికలోనే రాబట్టవచ్చని 1970లో జర్మనీలో వోల్ఫ్రామ్ జిలిగ్ ప్రయోగశాల చూపింది. ఆ తర్వాతి ఏళ్లలో జపాన్‌లో అకిరా ఇషిహామా బృందం కూర్పు ఏ వరసలో సాగుతుందో తేల్చింది. ముందు రెండు ఆల్ఫాలు జతకడతాయి. ఆ జతకు బీటా వచ్చి చేరుతుంది. చివరగా బీటా ప్రైమ్ వచ్చి కలుస్తుంది. ఈ వరస తలకిందులు కాదు. ఆల్ఫా జత లేకుండా బీటా, బీటా ప్రైమ్ తమంతట తాము సరిగా కలవవు.

కాబట్టి కూర్పుకు పునాది వేసేది ఆల్ఫానే, అదీ పెద్ద ప్రొటీనేం కాదు. అందులోనూ పునాదికి కావలసింది మూడింట రెండు వంతులకు కాస్త ఎక్కువ భాగమే. 1991లో ఇగరాషి, ఇషిహామా ఆల్ఫాను 235వ అమైనో ఆమ్లం దగ్గర కత్తిరించి, వెనక భాగం లేకుండానే ఎంజైమ్ కూర్పు సజావుగా జరుగుతుందని చూపారు. ఆ వెనక భాగం వేరే పనికి ఉంది. అనులేఖనం మొదలయ్యే చోట డీఎన్‌ఏనూ, నియంత్రక ప్రొటీన్లనూ అంటుకోవడం దాని వంతు. ఒకే గొలుసులో ఒక భాగం కూర్పుకూ మరో భాగం నియంత్రణకూ పంచి ఉండటం ఈ ఎంజైమ్ నిర్మాణంలో చెప్పుకోదగ్గ విశేషం.

ప్రయోగశాలలో ఈ కూర్పు ఎలా చేస్తారో కాస్త దగ్గరగా చూస్తే ఒమేగా విలువ తెలుస్తుంది. 1990ల నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఇది. బీటా ప్రైమ్‌ను ఈ-కోలైలో విడిగా, మోతాదుకు మించి తయారు చేయిస్తే అది కణం లోపలే కరగని ముద్దలుగా పేరుకుపోతుంది. కణాలను పగలగొట్టి, ఆ ముద్దలను వేరుచేసి కడిగి, గాఢమైన గ్వానిడిన్ హైడ్రోక్లోరైడ్ ద్రావణంలో కరిగిస్తారు. ఆ ద్రావణంలో ప్రొటీన్ ముడతలన్నీ విడిపోయి సాదా తాడులా సాగిపోతుంది. బీటానూ అదే తీరున సిద్ధం చేసుకుని, ఆల్ఫాతో కలిపి, సన్నపొర సంచిలో పోసి, 4 డిగ్రీల చలిలో మంచి బఫర్‌లో నానబెడతారు. గ్వానిడిన్ మెల్లగా బయటికి జారుకున్న కొద్దీ గొలుసులు ముడుచుకుంటూ జతకడతాయి. బీటా ప్రైమ్‌లో గణనీయమైన భాగం ఈ దశలో తప్పుగా ముడుచుకుని తెల్లటి మడ్డిగా అడుగుకు దిగిపోతుంది. అందుకే దాన్ని ముందే అవసరానికి మించి వేసుకోవాలి. ఆ తర్వాత సిగ్మాను కలిపి 30 డిగ్రీల దగ్గర కాసేపు వెచ్చబెట్టి, మిగిలినదాన్ని శుద్ధి చేస్తారు.

ఇంత తతంగంలో ఒమేగా వేయకపోయినా ఎంజైమ్ వస్తుంది, ఆర్‌ఎన్‌ఏను చేస్తుంది కూడా. ఒమేగా అక్కర్లేదని పరిశోధకులు అనుకోవడానికి ఇదే కారణం. తెల్లటి మడ్డిగా పోయిన బీటా ప్రైమ్ ఎంత అన్నది అప్పట్లో ఎవరికీ ముఖ్యమైన ప్రశ్నగా తోచలేదు. పరీక్షనాళికలో ప్రొటీన్‌ను ఎంత వృథా చేసినా నడుస్తుంది. కణానికి ఆ వెసులుబాటు లేదు.

జెల్ అడుగున సన్నని గీత

1969లో రిచర్డ్ బర్జెస్ ఈ-కోలై పాలిమరేజ్‌ను శుద్ధి చేసి భాగాలు విడదీసి చూసినప్పుడు, పెద్ద ప్రొటీన్ల గీతలన్నీ దాటి జెల్ అడుగున ఒక సన్నని గీత కనిపించింది. ఒమేగా పేరు అప్పటిదే. అదే ఏడాది ఆయనా సహచరులూ సిగ్మాను వెల్లడించడంతో లోకం దృష్టంతా అటు మళ్లింది. సిగ్మా చేసే పని కళ్లెదుట కనిపిస్తుంది, అది లేకపోతే ఎంజైమ్ జన్యువు మొదలును పోల్చుకోలేదు. ఒమేగా ఉన్నా లేకున్నా కొలతల్లో తేడా దొరకలేదు.

1980ల చివర్లో బర్జెస్, డేనియల్ జెంట్రీ ఒమేగా జన్యువును పట్టుకుని, దానికి ఆర్‌పీఓ-జెడ్ అని పేరు పెట్టి, దాన్ని చెడగొట్టి చూశారు. బ్యాక్టీరియా బతికింది గానీ నెమ్మదిగా పెరిగింది. తీరా చూస్తే ఆ నెమ్మది ఒమేగా లోపం వల్ల వచ్చింది కాదు. ఒమేగా జన్యువుకు వెనకే స్పాట్ అనే జన్యువు ఉంది, ముందుదాన్ని చెడగొట్టేసరికి వెనకదాని పని కూడా దెబ్బతింది. దాంతో ఒమేగా మళ్లీ అనుమానితుల జాబితాలోకే వెళ్లింది. లేకపోయినా కణం బతుకుతుందంటే దానికి పని లేదని తేల్చేయడం జీవశాస్త్రంలో తరచూ జరిగే పొరపాటు. ఒక పనికి కణం దగ్గర రెండో ఏర్పాటు కూడా ఉంటే, మొదటిదాన్ని తీసినా లోటు బయటపడదు. ఒమేగా విషయంలో సరిగ్గా అదే జరిగిందని తేలింది హైదరాబాద్‌లో.

సీసీఎంబీ ప్రయోగాలు

హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీలో దీపాంకర్ ఛటర్జీ బృందం 1990ల్లో ఒమేగాను పనిగట్టుకుని పరిశోధించింది. ప్రపంచంలో చాలా ప్రయోగశాలలు సిగ్మా వెంట, నియంత్రక ప్రొటీన్ల వెంట పరుగెడుతున్న రోజుల్లో, పనిలేనిదని పేరుపడ్డ ప్రొటీన్‌ను ఎంచుకోవడానికి ధైర్యం కావాలి. 1997లో ఛటర్జీ, కె. ముఖర్జీ వెలువరించిన పరిశోధన, ముడతలు విప్పేసిన పాలిమరేజ్ మళ్లీ పనిచేసే స్థితికి రావడంలో ఒమేగా పాత్రను చూపింది. ఒమేగా తోడుంటే ఎంజైమ్ తన పూర్వ సామర్థ్యాన్ని పూర్తిగా తిరిగి తెచ్చుకుంది, లేకపోతే ఆ మేరకు కోలుకోలేదు.

1999లో జపాన్ శాస్త్రవేత్తలతో కలిసి ఇదే బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒమేగా జన్యువు లేని ఈ-కోలై నుంచి పాలిమరేజ్‌ను శుద్ధి చేస్తే, దాన్ని అంటిపెట్టుకుని గ్రోఈఎల్ అనే ప్రొటీన్ కూడా వచ్చింది. గ్రోఈఎల్ కణానికి ఆపద్బాంధవి. సరిగా ముడుచుకోలేని ప్రొటీన్లను తన గుల్లలోకి తీసుకుని, దారిన పడేలా చూసే చాపరోన్ అది. మామూలు కణాల్లో పాలిమరేజ్‌తో అది ఇలా అతుక్కుని రాదు. అంటే ఒమేగా లేని కణం ఊరికే బతకడం లేదు, చిన్న ప్రొటీన్ చేయాల్సిన పనికి ఒక భారీ యంత్రాన్ని పిలిపించుకుని బతుకుతోంది. ఒమేగాను తీసేసినా ఈ-కోలై ఎందుకు చావదన్న ప్రశ్నకు ఇంతకన్నా తృప్తికరమైన జవాబు అప్పటిదాకా రాలేదు. ఒమేగా బీటా ప్రైమ్ పూర్తి గొలుసును అంటుకుని, దాన్ని ఆల్ఫా-బీటా కూటమిలో కలవడానికి వీలుగా ఉంచుతుందనీ, ఆ పట్టుకు ఒమేగా ముందు భాగం చాలుననీ 2001లో ఛటర్జీ, ఇషిహామా కలిసి చేసిన పని చూపింది. అప్పటికి ఛటర్జీ బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు మారారు.

స్ఫటికంలో కనిపించిన పట్టు

1999లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో సేథ్ డార్స్ట్ బృందం, వేడినీటి ఊటల్లో బతికే థర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియా పాలిమరేజ్ స్ఫటిక నిర్మాణాన్ని 3.3 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో బయటపెట్టింది. ఒమేగా తన స్థానంలో తానుంది. దాని గొలుసు బీటా ప్రైమ్ చివరి కొసను చుట్టుకుని, ఆ కొసను అదే బీటా ప్రైమ్‌లోని వేరే భాగాలకు బిగించి ఉంది. గొలుసు పొడవునా చూస్తే ఈ భాగాలు ఒకదానికొకటి ఎంతో దూరం. ముడుచుకున్న రూపంలో వాటిని పక్కపక్కన నిలిపే ప్రొటీన్ ఒమేగా. మోదుగాకులను విస్తరిగా కుట్టేటప్పుడు గుచ్చే సన్నని పుల్ల ఎంత పని చేస్తుందో ఇది అంత పని చేస్తుంది. వడ్డన ఆకు మీదే జరుగుతుంది, పుల్లను తీస్తే మాత్రం ఆకులు జారిపోతాయి.

రైబోసోమ్ నుంచి గొలుసు బయటికొచ్చే తీరును తలుచుకుంటే ఈ పట్టుకు ఇంకో అర్థం కూడా ఉంది. బీటా ప్రైమ్ చివరి కొస అన్నిటికన్నా ఆఖరున పుడుతుంది. గొలుసు పూర్తయితే తప్ప ఆ కొస ఒమేగా చేతికి చిక్కదు. కొస చిక్కి బిగుసుకున్నాక బీటా ప్రైమ్ ఇష్టం వచ్చినన్ని ఆకారాలు తిరిగే స్వేచ్ఛ తగ్గిపోతుంది. ఆల్ఫా-బీటా కూటమికి ఎదురయ్యే బీటా ప్రైమ్ అప్పటికే దాదాపు సరైన రూపంలో ఉంటుంది కాబట్టి కూర్పు సులువవుతుంది.

2001లో లియొనిడ్ మినాఖిన్, కాన్‌స్టాంటిన్ సెవెరినొవ్, రిచర్డ్ ఎబ్రైట్, డార్స్ట్ తదితరులు ప్రచురించిన పరిశోధనతో కథ ఒక కొలిక్కి వచ్చింది. ఒమేగా, ఆర్‌పీబీ6 రెండూ వరసలోనూ ఆకారంలోనూ ఒకే వంశానివని వాళ్లు చూపారు. అంతకంటే ముఖ్యమైనది వాళ్లు చేసిన జన్యు ప్రయోగం. బీటా ప్రైమ్‌లో 1,362వ స్థానంలోని అమైనో ఆమ్లాన్ని మారిస్తే కూర్పు దెబ్బతింటుంది. ఆ కణంలో ఒమేగా మోతాదు పెంచితే కూర్పు తిరిగి గాడిన పడింది. ఈస్ట్‌లో ఆర్‌పీబీ1 అనే అతి పెద్ద ఉపప్రమాణంలో సరిగ్గా అదే చోటు మారిస్తే కూర్పు అలాగే దెబ్బతింటుంది, ఆర్‌పీబీ6 మోతాదు పెంచితే అక్కడా గాడిన పడుతుంది. బ్యాక్టీరియాలో ఒక జబ్బు, ఈస్ట్‌లో అదే జబ్బు, రెంటికీ ఒకే మందు. ఒకే పనిని ఈ రెండు ప్రొటీన్లు చేస్తున్నాయనడానికి ఇంతకన్నా నేరైన రుజువు కష్టం. పెద్ద గొలుసుకు ఒమేగా గడియ వేసినట్టు పనిచేస్తుందని వాళ్లు వర్ణించారు.

ఒమేగా లేని బ్యాక్టీరియాలు

ఒమేగాను తీసేస్తే కలిగే నష్టం బ్యాక్టీరియాను బట్టి మారుతుంది. క్షయ క్రిమికి దగ్గరి చుట్టమూ మనుషులకు హాని చేయనిదీ అయిన మైకోబాక్టీరియం స్మెగ్మాటిస్‌లో ఛటర్జీ బృందం 2005లో ఒమేగా జన్యువును తొలగించింది. బ్యాక్టీరియా బతికింది, కానీ దాని పాలిమరేజ్‌లో బీటా ప్రైమ్ ముక్కలైపోయి కనిపించింది. కాపలా లేని పెద్ద గొలుసును ప్రొటీన్ తెంచే ఎంజైమ్‌లు అందిపుచ్చుకున్నాయన్నమాట. ఆ బ్యాక్టీరియా జెల్లీ మీద జారుతూ పాకే గుణాన్నీ, తెట్టులా పరుచుకునే గుణాన్నీ చాలావరకు పోగొట్టుకుంది. స్టెఫైలోకాకస్ ఆరియస్‌లో ఒమేగా పోతే పాలిమరేజ్ నిలకడ తగ్గుతుంది. కిరణజన్య సంయోగక్రియ చేసే సయానోబ్యాక్టీరియాల్లో సిగ్మాను చేర్చుకోవడం కుంటుపడుతుంది. కొన్ని స్ట్రెప్టోమైసిస్ జాతుల్లో యాంటీబయోటిక్ ఉత్పత్తే దెబ్బతింటుంది. కూర్పులో చిన్న లోపం ఒక్కో జీవిలో దాని బలహీనమైన చోట బయటపడుతుందని ఈ పరిశోధనలన్నీ కలిపి చదివితే అర్థమవుతుంది.

ఒమేగా ఉండాల్సిన దానికన్నా గట్టిపడినా ముప్పే. 2013లో బెంగళూరు, హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థ, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి ప్రచురించిన పనిలో, ఒమేగాలో ఒక్క అమైనో ఆమ్లం మారి దాని గొలుసు మామూలు కంటే ఎక్కువ మెలికలు తిరిగితే, అది కలిసిన పాలిమరేజ్ పనికిరాకుండా పోతుందని తేలింది. మామూలు ఒమేగా కొంత వదులుగా, ఎటు కావాలంటే అటు ఒదిగేలా ఉంటుంది. పెద్ద గొలుసు మలుపులకు తగ్గట్టు వంగడానికి ఆ వదులు కావాలి.

ఈస్ట్, మనిషి: వెనకేసుకొచ్చే దిక్కు లేదు

కేంద్రకం ఉన్న జీవుల్లో ఒక పాలిమరేజ్ సరిపోదు. రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏకు ఒకటో పాలిమరేజ్, ప్రొటీన్ల సమాచారం మోసే ఆర్‌ఎన్‌ఏకు రెండోది, టీ-ఆర్‌ఎన్‌ఏ వంటి చిన్నవాటికి మూడోది. ఒకటోదానిలో 14, రెండోదానిలో 12, మూడోదానిలో 17 ఉపప్రమాణాలుంటాయి. 2001లో పాట్రిక్ క్రామర్, డేవిడ్ బుష్నెల్, రోజర్ కార్న్‌బర్గ్ ఈస్ట్ రెండో పాలిమరేజ్ నిర్మాణాన్ని 2.8 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో వెల్లడించారు. ఈ రంగంలో కృషికి కార్న్‌బర్గ్‌కు 2006లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఈ మూడు ఎంజైమ్‌లకూ ఉమ్మడిగా ఉండే ఉపప్రమాణాలు ఐదు, అందులో ఆర్‌పీబీ6 ఒకటి. ఈస్ట్‌లో 155, మనిషిలో 127 అమైనో ఆమ్లాల ప్రొటీన్ ఇది. మనిషి ఆర్‌పీబీ6ను తీసుకెళ్లి ఈస్ట్‌లో పెట్టినా పని నడుస్తుంది. ఒమేగా లేకుండా ఈ-కోలై బతికినట్టు, ఆర్‌పీబీ6 లేకుండా ఈస్ట్ బతకదు. ఆర్‌పీబీ6 లోపిస్తే ఒకటో, రెండో పాలిమరేజ్‌ల కూర్పు ఆగిపోతుందనీ, వాటి అతి పెద్ద గొలుసులు నిలవకుండా పోతాయనీ 1996లో నౌరైని, ఆర్షాంబో, ఫ్రీసెన్ చూపారు. పని అదే. ఈ-కోలైలో గ్రోఈఎల్ ఆదుకున్నట్టు ఆర్‌పీబీ6 లోటును పూడ్చేది ఈస్ట్‌లో ఏదీ లేదు.

ఆల్ఫా జత పాత్రను ఇక్కడ రెండు వేర్వేరు ప్రొటీన్లు పంచుకుంటాయి. రెండో పాలిమరేజ్‌లో అవి ఆర్‌పీబీ3, ఆర్‌పీబీ11. వాటి పక్కన ఆర్‌పీబీ10, ఆర్‌పీబీ12 అనే మరీ చిన్న ప్రొటీన్లు రెండు చేరతాయి. ఈస్ట్‌లో ఇవి ఒక్కొక్కటి 70 అమైనో ఆమ్లాలే, ఒమేగా కన్నా చిన్నవి. రెండూ జింక్ అయాన్‌ను పట్టుకుని గట్టిపడతాయి, రెండూ లేకుండా కణం బతకదు. ఈ నాలుగూ కలిసి ఒక వేదికగా నిలిస్తే దాని మీద మిగతా ఎంజైమ్ లేస్తుంది. ఈ ఏర్పాటు ఎంత పాతదో ఆర్కియాలు చెబుతాయి. అక్కడ డీ, ఎల్, ఎన్, పీ అనే నాలుగు ప్రొటీన్లు అచ్చం ఇలాగే వేదిక కడతాయి. సముద్రం అడుగున మరిగే ఊటల దగ్గర దొరికిన మెథనోకాల్డోకాకస్ జన్నాస్చి అనే ఆర్కియా పాలిమరేజ్‌ను, విడివిడిగా తయారుచేసిన 12 ఉపప్రమాణాల నుంచి ఫిన్ వెర్నర్, రాబర్ట్ వైన్‌జియర్ల్ 2002లో పరీక్షనాళికలో కూర్చగలిగారు. ఈస్ట్, మనిషి ఎంజైమ్‌లలో సులువుగా చేయలేని ఎన్నో పరీక్షలకు దాంతో వీలు కలిగింది.

కణంలో ఇదంతా ఎక్కడ జరుగుతుందన్నది మరో ప్రశ్న. పాలిమరేజ్ పనిచేసేది కేంద్రకంలో, కూర్పు మాత్రం బయట కణద్రవ్యంలో. మనిషి కణాల్లో కొత్తగా పుట్టిన ఆర్‌పీబీ1 ఒంటరిగా తిరగదని, హెచ్‌ఎస్‌పీ90 అనే చాపరోనూ, ఆర్‌2టీపీ అనే దాని సహాయక కూటమీ దాన్ని పట్టుకుని ఉంటాయని 2010లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తల ఆధ్వర్యంలో జరిగిన పరిశోధన చూపింది. ఎంజైమ్ పూర్తయ్యాక ఐడబ్ల్యూఆర్1 అనే ప్రొటీన్ దాన్ని కేంద్రకంలోకి చేరవేస్తుంది. ఈ ప్రొటీన్ రెండు పెద్ద ఉపప్రమాణాల మధ్య సందును పట్టుకుంటుంది, అంటే కూర్పు పూర్తి కానిదాన్ని లోపలికి పంపదు. చిన్న ఉపప్రమాణాలు ఉన్నాయి కదా, ఇంతమంది సహాయకులెందుకని అడగవచ్చు. చాపరోన్లు పని అయ్యాక వెళ్లిపోతాయి. ఒమేగా, ఆర్‌పీబీ6, ఆర్‌పీబీ10 లాంటివి ఎంజైమ్‌లోనే ఉండిపోయి జీవితాంతం దాన్ని పట్టి ఉంచుతాయి.

కూర్పు చెడితే వచ్చే జబ్బులు

ఒకటో, మూడో పాలిమరేజ్‌లలో ఆల్ఫా జత స్థానంలో ఉండే ప్రొటీన్ల జన్యువులు మనిషిలో పీఓఎల్‌ఆర్1సీ, పీఓఎల్‌ఆర్1డీ. వీటిలో లోపాలుంటే ట్రీచర్ కాలిన్స్ సిండ్రోమ్ వస్తుందని 2011లో తెలిసింది. పిండ దశలో ముఖం ఎముకలకు మూలమయ్యే కణాలు తగినన్ని తయారుకాక, దవడ, చెంప ఎముకలు, చెవులు సరిగా ఏర్పడని పుట్టుకతో వచ్చే జబ్బు ఇది. ఎదుగుతున్న ఆ కణాలకు రైబోసోమ్‌లు విపరీతంగా కావాలి. ఒకటో పాలిమరేజ్ కొరత వాటికే ముందు తగులుతుంది.

ఆశ్చర్యం ఏమిటంటే అదే పీఓఎల్‌ఆర్1సీలో వేరే రకం మార్పులు మెదడు తెల్లపదార్థం దెబ్బతినే ల్యూకోడిస్ట్రఫీ అనే జబ్బుకు దారితీస్తాయి. 2015లో వెలువడిన పరిశోధన ప్రకారం ఈ మార్పుల వల్ల మూడో పాలిమరేజ్ కూర్పు మాత్రమే కుంటుపడుతుంది, ఒకటోది బాగానే నడుస్తుంది. ఒకే ఉపప్రమాణం, రెండు ఎంజైమ్‌లు. లోపం ఏ ఎంజైమ్ కూర్పును దెబ్బతీస్తుందో దాన్ని బట్టి జబ్బు వేరవుతుంది. ఇవి అరుదైన జబ్బులే అయినా, కూర్పు అనేది పాఠ్యపుస్తకాల్లో ఒక పేరాతో దాటేయదగ్గ విషయం కాదని చూపుతున్నాయి.

కరువు సంకేతం

కూర్పు ఒక్కటే ఒమేగా పని కాదు. అమైనో ఆమ్లాలు కరువైనప్పుడు బ్యాక్టీరియా పీపీజీపీపీ అనే చిన్న అణువును తయారుచేసి, రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ తయారీని తగ్గించుకుంటుంది. దాన్ని 1969లో మైకేల్ కాషెల్, జొనాథన్ గాలంట్ కనుగొన్నారు. ఆ అణువు పాలిమరేజ్‌ను ఎక్కడ అంటుకుంటుందన్న వివాదం దశాబ్దాలు సాగింది. ఒమేగా లేని ఎంజైమ్‌కు ఈ సంకేతం వినపడదని 1989లో ఇషిహామా ప్రయోగశాల పరీక్షనాళికలో చూపింది. ఒమేగా లేకున్నా బతికున్న కణానికి వినపడుతూనే ఉందని 1991లో కాషెల్, బర్జెస్ బృందాలు చూపాయి. రెండూ నిజమేనని 2005లో రిచర్డ్ గోర్స్ ప్రయోగశాల తేల్చింది. కణంలో ఉండే డీకేఎస్‌ఏ అనే ప్రొటీన్ ఒమేగా లోటును భర్తీ చేస్తోంది. పీపీజీపీపీ కూర్చునే చోటు ఒమేగా, బీటా ప్రైమ్ కలిసే సందులో ఉందని 2013లోనూ, రెండో చోటు బీటా ప్రైమ్, డీకేఎస్‌ఏ కలిసేచోట ఉందని 2016లోనూ బయటపడింది. పీపీజీపీపీని అదుపు చేసే స్పాట్ జన్యువు ఒమేగా జన్యువు వెనకే ఉందన్న సంగతి దీని పక్కన పెట్టి చూస్తే, ఆ పొరుగు కాకతాళీయం అనిపించదు.

పనిముట్టుగా ఒమేగా

తీసేసినా కణం చావకపోవడం, ఎంజైమ్ అంచున కూర్చోవడం ఈ రెండు గుణాలూ ఒమేగాను మంచి పనిముట్టుగా మార్చాయి. ఒమేగాకు డీఎన్‌ఏను పట్టుకునే ప్రొటీన్‌ను అతికిస్తే, అది పాలిమరేజ్‌ను మనం కోరిన జన్యువు దగ్గరికి లాక్కొస్తుందని 1998లో సైమన్ డవ్, ఆన్ హాక్‌షిల్డ్ చూపారు. 2013లో డీఎన్‌ఏను కత్తిరించే శక్తి లేకుండా చేసిన క్యాస్9 అనే ప్రొటీన్‌ను ఒమేగాకు అతికించి, బ్యాక్టీరియాలో ఎంచుకున్న జన్యువులను పనిలోకి దించారు. రెండు ప్రయోగాలకూ సొంత ఒమేగా లేని ఈ-కోలైనే వాడుకున్నారు.

మన దేశంలో ఈ పరిశోధనకున్న పెద్ద ఆకర్షణ క్షయ. దాని చికిత్సలో ముఖ్యమైన రిఫాంపిసిన్ పాలిమరేజ్‌లోని బీటా ఉపప్రమాణాన్ని పట్టుకుని, ఆర్‌ఎన్‌ఏ గొలుసు రెండు మూడు న్యూక్లియోటైడ్లు దాటి పెరగకుండా అడ్డుపడుతుంది. బీటా జన్యువులో 81 అక్షరాల ఒక చిన్న ప్రాంతంలో మార్పులొస్తే ఈ మందు పట్టు జారుతుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో కఫం నమూనాలకు చేసే సీబీనాట్ పరీక్ష ఆ 81 అక్షరాలలోనే తేడా వెతుకుతుంది. క్షయ క్రిమిలో ఒమేగా బీటా ప్రైమ్ వెనక కొసను పట్టుకోవడం ఎంజైమ్ కూర్పుకు తప్పనిసరి అని 2018లో ప్రచురితమైన పరిశోధన చెబుతోంది. ఆ పట్టును విడదీయగల అణువు దొరికితే, అది బీటా జోలికి పోకుండానే పాలిమరేజ్ కూర్పును ఆపుతుంది, రిఫాంపిసిన్‌కు లొంగని క్రిమి మీద కూడా పనిచేసే అవకాశం ఉంటుంది. అలాంటి మందు ఇంకా ఆస్పత్రులకు రాలేదు.